బేరానికి బయలుదేరిన వడ్రంగిపిట్ట

ఇప్పలకోన అని ఒక అడవి ఉండేది. పేరుకు తగ్గట్టే ఎటు చూసినా ఇప్పచెట్లే. ఆ అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, నెమళ్ళు, ఉడుతలు, గుడ్లగూబలు, గోరింకలు, ఇంకా పేరు పెట్టి పిలిస్తే పలికేవీ పలకనివీ ఎన్నో కాపురాలు చేసుకుంటూ ఉండేవి.

ఆ రోజులే వేరు. ఎండాకాలం పొద్దున్నే ఇప్పపూలు టపటపా రాలుతుంటే, ఆ తీపి వాసనకు గాలి కూడా కాసేపు ఆగి వెళ్ళేది. వారానికోసారి వాగు ఒడ్డున సంత జరిగేది. మోదుగాకు దొప్పల్లో ఉసిరికాయలు, అడ్డాకు పొట్లాల్లో చింతపండు, సొరబుర్రల్లో తేనె. కొనేవాళ్ళకంటే కబుర్లు చెప్పుకునేవాళ్ళే ఎక్కువ. అయినా సాయంత్రానికి ఏ సరుకూ మిగిలేది కాదు. అదేం చిత్రమో మరి.

ఆ అడవికి ఒక కట్టుబాటు ఉండేది. వానాకాలం తిండికోసం అందరూ కలిసి ఒక పెద్ద గాదె నింపుకునేవాళ్ళు. మృగశిర కార్తెలో మొదటి వాన పడేలోగా ఇంట్లో ఒక్కరి చేతిలోనైనా పని ఉండాలి. ఉంటే ఇంటిల్లిపాదికీ గాదెలో వాటా. లేకపోతే వాగు దాటి ఇంకో అడవి వెతుక్కోవాల్సిందే. కట్టుబాటు కాస్త కఠినమే. కానీ ఎవరికీ ఎప్పుడూ దానితో ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఆ కోనలో పని లేనివాళ్ళే లేరు.

ఆ ఏడాది మాత్రం ఒకరికి వచ్చింది. నూకయ్య అనే వడ్రంగిపిట్టకు.

నూకయ్య అంటే అల్లాటప్పా పనివాడు కాదు. ఇప్పలకోనలో తొర్ర అంటే నూకయ్య చెక్కిన తొర్రే. పదిహేను వానాకాలాలుగా అదే పని. చెక్కే ముందు చెట్టును ముక్కుతో మూడుసార్లు తట్టేవాడు. తట్టి, మెడ వంచి, చెవి ఒగ్గి వినేవాడు. లోపల గుల్లగా ఉందా, గట్టిగా ఉందా, చెదలు పట్టిందా, నీరు దిగుతోందా, అన్నీ చెట్టే చెప్పేది. ఆ తర్వాతే పని మొదలు.

అలాంటి నూకయ్య ఆ వేసవిలో ఒక నల్లమద్ది మొద్దు మీద పనిచేస్తుంటే ముక్కు కొస పుటుక్కున విరిగింది. ఇక చెక్కడం మాట దేవుడెరుగు, బెరడు కింద పురుగును లాగడం కూడా కష్టమైపోయింది. ఇంట్లో చూస్తే భార్య మాణిక్యం మూడు గుడ్ల మీద కూర్చుని ఉంది. గుడ్లు ఎత్తుకుని వాగు దాటడం ఎవరి తరం?

సరిగ్గా అప్పుడే ఉడుత పైడితల్లి కొమ్మకొమ్మకూ గెంతుతూ టముకు వేసింది.

"విన్నవాళ్ళు విననివాళ్ళకు చెప్పండి. ఎలుగుబంటి గవరయ్య షావుకారు తేనె కొట్టుకు, గూడుగూడుకూ తిరిగి సరుకు అమ్మేవాళ్ళు ఒకరు కావాలి. ముందు నాతో మాటలు. తర్వాత షావుకారు ఎదుట బేరం. ఆ తర్వాత గుట్ట అవతల మూడు రోజులు తిరుగుడు. మూడూ దాటినవాళ్ళకే పని."

నూకయ్య విన్నాడు. విని మాణిక్యం వైపు చూశాడు. మాణిక్యం అప్పటికే అతని వైపు చూస్తూ ఉంది.

"నాకు అమ్మడం ఎక్కడ వచ్చే?" అన్నాడు నూకయ్య. "చెట్టు చెక్కమంటే చెక్కుతాను."

"గుడ్లగూబ తూర్పు వాకిలి కావాలని పట్టుబడితే, పగలంతా నిద్రపోయేదానివి, పొద్దున్నే ఎండ మొహాన కొడుతుంది, ఉత్తరం పెట్టుకో అని ఒప్పించింది ఎవరు మావా? నేనా?"

"అది బేరం కాదు. అది పని."

"చేసేవాడివి, నీకు పని అనిపించింది. పక్కనుండి చూసిన నాకు బేరమే అనిపించింది. వెళ్ళిరా."

వెళ్దామనే అనుకున్నాడు. కానీ దారిలో గోరింక పరంధామం కనిపించాడు. పరంధామానికి ఆ కోనలో మాటకారి అని పేరు. ఆ పేరు తనకుందని అతనికి బాగా తెలుసు. ఒక ఎత్తైన కొమ్మ మీద కూర్చుని, ఎవరూ లేకపోయినా ఎవరో ఉన్నట్టు మాట్లాడుతున్నాడు.

"ఇది తేనె కాదండీ, అమృతం. ఇది నాలుక మీద పడితే కాకి కోకిలవుతుంది. ఈ తేనె లేని ఇల్లు ఇల్లే కాదు."

నూకయ్యను చూసి ఆగి, నవ్వాడు. "ఏం మేస్త్రీ, నువ్వూ వస్తున్నావా? తేనె చెక్కి అమ్ముతావా, తొలిచి అమ్ముతావా?"

నూకయ్యకు సిగ్గేసింది. వెనక్కి తిరిగి వచ్చేశాడు. కానీ ఆ మాటలు మాత్రం మనసులో పట్టుకున్నాడు. అమ్మడమంటే అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. ఇంటికొచ్చి మాణిక్యం ముందు రెక్క చాచి నిలబడి, "ఇది తేనె కాదండీ, అమృతం. ఈ తేనె లేని ఇల్లు..." అని ఎత్తుకున్నాడు.

మాణిక్యం కాసేపు విన్నది. "గుడ్లు వింటున్నాయి, ఊరుకో," అంది.

మర్నాడు ఉడుత పైడితల్లి ఒక రాతి మీద కూర్చుని, వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచింది. కుందేలు వచ్చింది, మాట మొదలవగానే భయపడి పరిగెత్తింది. దుప్పి వచ్చింది, ఎండలో తిరగాలని తెలిసి నీడ వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. పరంధామం వచ్చి, పైడితల్లి ఒకటి అడిగితే నాలుగు చెప్పి, నెగ్గి, తోక ఎగరేసుకుంటూ వెళ్ళాడు. ఆఖరున నూకయ్య వంతు.

"బాబాయ్, ఇంతకుముందు ఏం చేసేవాడివి?" అని అడిగింది పైడితల్లి.

నూకయ్య గొంతు సవరించుకున్నాడు. "పుట్టినప్పటి నుంచీ బేరమే. బేరం నా రక్తంలో ఉంది."

పైడితల్లి తన చిన్న చేతులు రెండూ ఒడిలో పెట్టుకుంది. "అలాగా. మరి నేనుంటున్న తొర్ర చెక్కిందెవరు బాబాయ్?"

నూకయ్య తల దించుకున్నాడు.

"నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడు చెక్కిచ్చావట. నేను జారిపడతానని గడప ఎత్తు పెంచావట. ఆ గడప మీద గడ్డం ఆనించుకునే నేను లోకం చూశాను. ఎవరైనా లేని పని ఉందని చెప్పుకుంటారు. నువ్వేంటి, ఉన్న పని దాచుకుంటున్నావు?"

"తొర్రలు చెక్కేవాడు తేనె అమ్ముతానంటే ఎవరు నమ్ముతారమ్మా?"

"దాచినవాడిని అసలే నమ్మరు. ఈసారికి పంపిస్తున్నాను. షావుకారు దగ్గర మాత్రం నీ నోటితోనే మాట్లాడు. పరంధామం నోరు పరంధామానికే సరిగ్గా అతకలేదు, నీకేం అతుకుతుంది?"

ఇలా ఇద్దరే మిగిలారు. మూడో రోజు మధ్యాహ్నం గవరయ్య కొట్టు ముందు ఇద్దరూ నిలబడ్డారు.

ఆ కొట్టు గురించి ఒక్క మాట చెప్పాలి. అది ఒక గుహ. అడుగు పెడితే తేనె వాసన, ఎండిన ఇప్పపువ్వు వాసన, తుమ్మబంక వాసన, కరక్కాయల వగరు వాసన, అన్నీ కలిసి ఒక్కసారి పలకరించేవి. చిన్నపిల్లలు ఏమీ కొనకపోయినా ఆ వాసన కోసం వచ్చి నిలబడేవాళ్ళు. గవరయ్య వాళ్ళను కసిరేవాడు కాదు. వేలు తేనెలో ముంచి అందరి నాలుక మీదా ఒక్కో చుక్క పెట్టేవాడు. ఇప్పుడు అలాంటి కొట్లూ లేవు, అలాంటి వేళ్ళూ లేవు.

గవరయ్య ఒక ఖాళీ సొరబుర్ర తీసి ముందు పెట్టాడు. "నేను కొనేవాణ్ణి. ఇది నాకు అమ్మండి."

పరంధామం ముందుకు దూకాడు. "అయ్యా, ఇది సొరబుర్ర అనుకుంటున్నారా? చందమామ తునక. దీని నడుము చూడండి, ఏ శిల్పి చెక్కగలడు? దీన్ని భుజాన వేసుకుంటే మీరు కొట్టు షావుకారులా ఉండరు, కోనకే రాజులా ఉంటారు. ఇదొక్కటే మిగిలింది. గుట్ట అవతలి షావుకారు ఇప్పుడే వస్తున్నాడు, ఆలోచించుకోండి."

గవరయ్య పకపకా నవ్వాడు. "కొనేశానయ్యా. నీ మాట బాగుంది." తర్వాత నూకయ్య వైపు తిరిగాడు. "నువ్వు కానీ."

నూకయ్య నోరు తెరిచాడు. 'అమృతం' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన నిలబడ్డ పైడితల్లి దగ్గింది. నూకయ్య ఆ మాట మింగేశాడు. ఏం చేయాలో తోచక, పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ, సొరబుర్రను విరిగిన ముక్కుతోనే మూడుసార్లు తట్టాడు. మెడ వంచి విన్నాడు.

"అయ్యా, ఇది మీకు దేనికి?" అన్నాడు మెల్లగా.

"తేనె పోసి పెట్టుకోవడానికి."

"అయితే ఇది అమ్మలేనయ్యా. అడుగున సన్నటి బీట ఉంది. పైకి కనిపించదు, మోతలో తెలుస్తోంది. గింజలు పోసుకుంటానంటే ఇస్తాను. తేనెకైతే ఇంకోటి చూస్తాను."

గవరయ్య సొరబుర్రలో నీళ్ళు పోయించాడు. కాసేపటికి అడుగున ఒక చుక్క మెరిసింది. తర్వాత ఇంకో చుక్క.

పరంధామం ఊరుకోలేదు. "బీట ఉందని చెప్పడం గొప్పా? అమ్మమన్నారు, అమ్మాను. మేస్త్రీ ఒక్క బుర్ర కూడా అమ్మలేదు."

"అదీ నిజమే," అన్నాడు గవరయ్య. గడ్డం గోక్కున్నాడు. "చూడు నూకయ్యా, అమ్మకపోవడం ఎవరికైనా వస్తుంది. నాకు అమ్మేవాడు కావాలి. ఇద్దరికీ చెరో పది బుర్రల తేనె ఇస్తున్నాను. పరంధామం గుట్ట అవతల ఎడమవైపు, నువ్వు కుడివైపు. మూడు రోజులు. ఆకాశం చూస్తే వాన కూడా ఎంతో దూరంలో లేదు."

నూకయ్య ఆకాశం వైపు చూశాడు. పడమర మూల ఒక మబ్బు, పుట్టెడు నీళ్ళతో పొట్ట ఉబ్బించుకుని కూర్చుని ఉంది.

మొదటి రోజు సాయంత్రానికే పరంధామం ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. పది బుర్రలూ నెమళ్ళ వాడలోనే అమ్మేశానన్నాడు. కోనంతా గుప్పుమంది. నూకయ్య ఒక్కటీ అమ్మలేదు.

అమ్మలేదంటే, ఎవరో కాదన్నారని కాదు. తేనె బుర్ర పట్టుకుని ఏ చెట్టు దగ్గరికి వెళ్ళినా, "ఎవరూ, నూకయ్యేనా? రా రా, ఎన్నాళ్ళయింది," అని లోపలికి లాక్కునేవాళ్ళు. ఆ గుట్ట అవతల చెట్లన్నీ అతని చేతి పనే. ఈ తొర్రలో మూల గుండ్రంగా తిప్పింది పిల్లలకు తల తగలకూడదని. ఆ తొర్రకు వాకిలి వాలుగా పెట్టింది పాములకు పట్టు దొరకకూడదని. అది చెక్కినప్పుడు తన ముక్కు ఎంత వాడిగా ఉండేదో. ఒక్కో తొర్రలో కూర్చుని గోడ మీద తన గాట్లు తడుముకుంటుంటే నూకయ్య కళ్ళు చెమర్చాయి. సాయంత్రం ఎప్పుడయిందో తెలియలేదు. తేనె సంగతే ఎత్తలేదు.

ఇంటికి వస్తే మాణిక్యం ఒక్కటే అడిగింది. "ఏమన్నారు వాళ్ళు?"

"ఏమంటారు, పాత కబుర్లు."

"అది కాదు మావా. ఇల్లు ఎలా ఉందన్నారు?"

నూకయ్య ఆలోచించాడు. రోజంతా తనే మాట్లాడాడు, తన గాట్ల గురించీ తన ముక్కు గురించీ. వాళ్ళను ఒక్క మాట అడగలేదు. చెట్టునైతే తట్టి వినేవాడు కదా, ఎదురుగా కూర్చున్నవాళ్ళను ఎందుకు వినలేదు?

రెండో రోజు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి గుడ్లగూబ ఇంట్లో కూర్చుని, "ఎలా ఉంది అప్పా ఇల్లు?" అని అడిగి ఊరుకున్నాడు. నోరు మెదపలేదు.

గుడ్లగూబ పై మూల వైపు తల తిప్పింది. "ఇల్లు బంగారమే తమ్ముడూ. కానీ చెట్టు ముసలిదైంది కదా. పోయినేడు ఆ మూల కురిసింది. పిల్లలను రెక్కల కింద పెట్టుకుని నేను నిలబడే ఉన్నాను, నాలుగు నెలలు. ఈ ఎండాకాలంలో నీకు చెబుదామంటే నీ ముక్కు విరిగిందన్నారు. నిన్ను బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నా."

నూకయ్య లేచి ఆ మూలను తట్టాడు. విన్నాడు. సన్నటి నెర్రె. చెక్కాల్సిన పని లేదు, పూడిస్తే చాలు.

పక్క చెట్టుకు వెళ్ళాడు. అక్కడా అదే మాట. ఆ పక్క చెట్టులోనూ అంతే. సాయంత్రానికి పద్నాలుగు ఇళ్ళు తిరిగాడు. తేనె ముగ్గురు తీసుకున్నారు, పిల్లలకు దగ్గుందని. కానీ పదకొండు ఇళ్ళలో వాన భయం ఉంది.

మూడో రోజు పొద్దున్నే నూకయ్య గవరయ్య కొట్టు వెనక్కి వెళ్ళాడు. తేనె పిండేసిన పట్లు అక్కడ ఒక కుప్పగా పడేసి ఉన్నాయి. ఏళ్ళ తరబడి అలా పడేస్తూనే ఉన్నారు. నూకయ్య ఆ మైనాన్ని ఎండలో పెట్టి మెత్తబరిచి, తుమ్మబంక కొంచెం కలిపి ముద్దలు చేశాడు. పైడితల్లి చూసింది. తనూ కూర్చుని నాలుగు ముద్దలు చేసింది.

మధ్యాహ్నానికి పదకొండు ఇళ్ళకూ మైనం ముద్దలు చేరాయి. ఊరికే ఇచ్చి రాలేదు. నెర్రె ఎక్కడుందో తట్టి చూపించాడు, ఎంత పెట్టాలో, ఎలా అదమాలో చెప్పాడు. ఇంటికి ఇన్ని అని వాళ్ళు కందిగింజలు, నేరేడుపళ్ళు ఇచ్చారు. వాళ్ళ మాట విని పక్క వాడ నుంచి ఇంకో ఆరు ఇళ్ళవాళ్ళు వచ్చారు. ఇంట్లోకి వచ్చినవాడి చేతిలో తేనె ఎలాగూ ఉంది కదా అని, మిగిలిన ఏడు బుర్రలూ వాళ్ళే అడిగి తీసుకున్నారు.

సాయంత్రం నూకయ్య కొట్టుకు వచ్చేసరికి అక్కడ గొడవగా ఉంది. పరంధామం దగ్గర తేనె కొన్న పది నెమళ్ళూ వచ్చి వరసగా నిలబడి ఉన్నాయి. మగనెమలి ఒకటి తోక ఈడ్చుకుంటూ ముందుకు వచ్చింది. తోక నిండా ఎర్రచీమలు.

"ఈ తేనె పూసుకుంటే వాన చూడకుండానే పురి విప్పుకుంటుందన్నాడు ఈ పరంధామం. పూసుకున్నాం. పురి విప్పలేదు, పుట్ట విప్పింది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఇదిగో మీ బుర్రలు."

"పూసుకుని ఎండలో నిలబడమన్నాను, చీమల దారిలో నిలబడమన్నానా?" అన్నాడు పరంధామం. "అయినా అమ్మడం వరకే నా పని. ఆ తర్వాత ఏమైతే నాకేంటి?"

గవరయ్య గొంతు పెంచలేదు. "తిరిగొచ్చిన సరుకు అమ్మిన సరుకు కాదు పరంధామం. ఊరేగించిన సరుకు. ఇన్నేళ్ళు నా కొట్టు గడప తొక్కిన నెమళ్ళు రేపట్నుంచి ఇటు చూస్తాయా? ముందు వెళ్ళి వాళ్ళ తోకల్లో చీమలు ఏరు. ఒక్కటి కూడా మిగలకూడదు."

పది నెమళ్ళు. ఒక్కో తోకకు నూటయాభై ఈకలు. పరంధామం ఎంత మాటకారి అయినా చీమలు మాటలు వినవు కదా. కుట్టించుకుంటూ ఏరుతూ కూర్చున్నాడు.

గవరయ్య నూకయ్యను లోపలికి పిలిచాడు. పైడితల్లి జరిగిందంతా అప్పటికే చెప్పింది.

"నేను పడేసిన మైనం అమ్మావటగా."

"వాళ్ళకు కావలసింది అదేనయ్యా."

గవరయ్య చాలాసేపు నవ్వాడు. "పని నీదే. వానలు వెలిశాక, చవితి దాటాక వచ్చి చేరు."

నూకయ్యకు ఎగిరి గంతేయాలనిపించింది. సరేనయ్యా అనబోయాడు. కానీ వానలు వెలిశాక చేరితే, మొదటి వానకు చేతిలో పని లేనట్టే. గాదెలో వాటా లేదు. మూడు గుడ్లు పిల్లలయ్యేసరికి ఇంట్లో గింజ ఉండదు. అడిగితే దొరికిన పని ఎక్కడ జారిపోతుందోనని భయం. అయినా అడిగాడు.

"అయ్యా, వానాకాలంలో మీ కొట్టు మూసి ఉంటుందా?"

"కొట్టు తెరిచే ఉంటుంది. కొనేవాళ్ళే రారు."

"రాలేరయ్యా, రావడం ఇష్టం లేక కాదు. ఇళ్ళు కురిసేది అప్పుడే, పిల్లలకు దగ్గు వచ్చేది అప్పుడే. వాళ్ళు గడప దాటలేని రోజుల్లో నేను వెళ్ళకపోతే, ఎండాకాలంలో వెళ్ళి ఏం లాభం? నన్ను ఇవాళే చేర్చుకోండి."

 గవరయ్య పైడితల్లి వైపు తిరిగాడు. "నన్నే ఒప్పించాడు, చూశావా? గాదె దగ్గరికి కబురు పంపు. నూకయ్య ఇవాళ్టి నుంచి మన కొట్టు మనిషి."

పైడితల్లి అప్పటికే సగం దారిలో ఉంది.

ఆ రాత్రి గడిచి తెల్లవారగానే మొదటి వాన పడింది. మట్టి వాసన లేచింది. నూకయ్య భుజాన మైనం సంచి, చేతిలో తేనె బుర్ర పట్టుకుని గుట్ట అవతలికి బయలుదేరాడు. దారిలో జల్లు పెద్దదై ఒక కొమ్మ కింద ఆగాడు. ఆ చెట్టులోంచీ ఈ చెట్టులోంచీ తలలు బయటికొచ్చాయి. పొడిగా, వెచ్చగా ఉన్న తొర్రలు.

"నూకయ్యా, తడుస్తున్నావేం? లోపలికి రా," అంది గుడ్లగూబ.

"ముందు మా ఇంటికి," అంది పక్క చెట్టులోని చిలుక.

ఎటు వెళ్ళాలో తెలియక నూకయ్య వానలోనే నిలబడి నవ్వుకున్నాడు.

నీతి: కొత్త పనిలో అడుగు పెట్టేవాడు పాత పనిని దాచుకోకూడదు, అదే అతని పెట్టుబడి, ఎదుటివాడి అవసరం విని అమ్మినవాడిని పది ఇళ్ళు పిలుస్తాయి, మాటలతో అంటగట్టినవాడిని ఒక్క ఇల్లూ రానివ్వదు.